లావు నవల: రైల్లోనా, డాబా మీదా?

వెయ్యి పేజీల నవలకి విజయవాడ–గుంటూరు ప్యాసింజర్ సరిపోదు. ఉన్నదే 30 కిలోమీటర్ల పైచిలుకు. కృష్ణా కెనాల్ దాటి కథలో పడేసరికి మంగళగిరిలో జనం తోసుకుంటూ ఎక్కుతారు. నిలబడితే మరీ కష్టం: ఒక చెయ్యి కడ్డీకి, రెండో చేతి బొటనవేలు పేజీల మధ్య. ఆ బరువుకి మణికట్టు లాగేస్తుంది. కథల సంపుటాలకైతే ఆ రైలే హాయి.

లావు పుస్తకానికి మే నెల తెల్లవారుజామే మేలు. బెజవాడ ఎండ ముదరకముందు, అయిదున్నర నుంచి ఏడు దాకా, డాబా మీద. ఒళ్లో దిండు, దాని మీద పుస్తకం. ఫోన్ మాత్రం కింద గదిలోనే ఉండాలి. ఏకబిగిన ఒక అధ్యాయం పూర్తయితే ఎవరు ఎవరికి మేనమామో మర్నాటికీ గుర్తుంటుంది. చలికాలంలో మంచుకి కాగితం మెత్తబడుతుంది కాబట్టి అప్పుడు వరండాయే నయం.