ఆరేళ్లుగా జేబులో ఉన్న పది రెట్ల భూతద్దం: పాత అమెరికా నోట్లు కొనేవారికి

ఆరేళ్ల క్రితం డాలస్‌లో నాణేలు, నోట్ల ప్రదర్శనకు వెళ్లబోయే ముందు ఈ మడత భూతద్దం కొన్నాను. నగల పనివారు కంటికి ఆనించుకుని వాడే రకమే. పది రెట్లు పెంచి చూపుతుంది. ఆనాటి నుంచి దీని కింద పెట్టి చూడకుండా ఏ నోటుకూ డబ్బు ఇవ్వలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి సంగతి చెప్పాలి. 1944లో అమెరికా ప్రభుత్వం రెండు రకాల కాగితాలను పోల్చి చూడటానికి 1935ఎ శ్రేణి ఒక డాలరు సిల్వర్ సర్టిఫికెట్లలో (అప్పట్లో వెండికి మార్చుకోగలిగిన నోట్లు) కొన్నింటిపై ఎర్రటి ‘ఆర్’, మరికొన్నింటిపై ఎర్రటి ‘ఎస్’ వేయించింది. ఆ అక్షరం ఉన్న నోటుకు మంచి ధర పలుకుతుంది. అక్షరం లేని అదే శ్రేణి నోటు, చేతులు మారి నలిగినదైతే, కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ప్రదర్శన ముగిసే వేళ హడావిడిలో ఒక ‘ఆర్’ నోటు కొన్నాను. ఇంటికి వచ్చి భూతద్దం పెడితే ఎర్ర సిరా కాగితపు పోగుల వెంట పాకి కనిపించింది, అక్షరం అంచు ఎక్కడా తీరుగా లేదు. క్రమసంఖ్య కూడా ఆ ప్రయోగానికి కేటాయించిన వరుసలో లేదు. మామూలు నోటు మీద ఎవరో తరువాత అక్షరం దిద్దారన్నమాట. భూతద్దం జేబులోనే ఉన్నా తీయనందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నోటు ఏ రకమో తెలుసుకోవడానికి మాత్రం కన్ను చాలు. చిన్న సైజు నోట్లు 1928 శ్రేణితో మొదలై 1929లో చెలామణిలోకి వచ్చాయి. అంతకు ముందువి వాటికంటే బాగా పెద్దవి. చిన్న నోట్లలో ముందువైపు ఉండే ఖజానా ముద్ర రంగు చూడాలి: నీలమైతే సిల్వర్ సర్టిఫికెట్, ఎరుపైతే యునైటెడ్ స్టేట్స్ నోటు (ఖజానా నేరుగా జారీ చేసినది), ఆకుపచ్చైతే ఫెడరల్ రిజర్వ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) నోటు. ఒక డాలరు 1928 నీలం ముద్ర నోట్లలో సంవత్సరం పక్కన ఉన్న చిన్న అక్షరమే ధర నిర్ణయిస్తుంది. 1928ఎ తరచుగా దొరుకుతుంది, 1928ఇ అరుదు. హైదరాబాదులో మా బాబాయి పూజగదిలో దాచుకున్న 1976 రెండు డాలర్ల నోటు విలువ అడిగినప్పుడు రెండు డాలర్లేనని చెప్పక తప్పలేదు. పాతబడినంత మాత్రాన నోటుకు ధర రాదు.

భూతద్దం అసలు పని స్థితి చూడటంలో ఉంది. మధ్యలో ఒక్క గట్టి మడత ఉన్నా ‘వాడని నోటు’ అన్న అర్హత పోతుంది. అందుకే కొందరు నోటును తడిపి, అదిమి, మడత కనపడకుండా చేస్తారు. దీపపు వెలుగు పక్కనుంచి ఏటవాలుగా పడేలా పట్టి చూస్తే మడత దగ్గర విరిగిన పోగులు తెలుస్తాయి. అసలు నోటులో చిత్రపు గీతల సిరా కాగితం మీద ఉబ్బి నిలుస్తుంది. అదిమిన నోటులో ఆ ఉబ్బు చదునైపోతుంది. రంగు ప్రింటర్ నకలైతే గీతలు చుక్కలుగా విడిపోతాయి. ఎరుపు, నీలం పోగులు కాగితంలో కలిసి ఉన్నాయో, పైన అచ్చు వేసినవో కూడా తేలిపోతుంది. ఇవన్నీ ఒంటబట్టడానికి నాకు రెండేళ్లు పట్టింది. చవక నోట్లు చాలా చూడాలి, వేరే దారి లేదు.

లోపాలు చెబుతాను. ఒకసారికి కనిపించేది చిన్న గుండ్రం మాత్రమే. నోటంతా జల్లెడ పట్టడానికి మెడ నొప్పి పుడుతుంది. నోటుకు అంగుళం దూరంలో పట్టాలి కనుక మన తల నీడే అడ్డం వస్తుంది, విడిగా చిన్న దీపం కొనక తప్పదు. మూడో ఏట మడత దగ్గర మర వదులైంది, బిగించుకుంటే సరిపోయింది. కటకం మీద ఇప్పటికీ గీత పడలేదు.

పెట్టెడు నోట్లు వారసత్వంగా వచ్చి, వాటిని వేరు చేయడమే మీ పనైతే దీపంతో వచ్చే మూడు రెట్ల వెడల్పు అద్దం కొనండి, అది సుఖం. ఒక్కో నోటుకు వంద డాలర్లు దాటి పెట్టబోతున్నవారు మాత్రం ముందుగా దీన్ని కొనండి.