చిట్టెలుకల గ్రోత్ హార్మోన్ కిట్: రక్తానికి కాదు, పిట్యూటరీకి వాడండి

బెంగళూరు ల్యాబ్‌లలో చేరిన మన పిల్లలు గ్రోత్ హార్మోన్ ఎంతుందో రంగు ముదురును బట్టి కొలిచే ఈ ఎలైసా కిట్ కొనొచ్చా అని అడుగుతుంటారు. కొనొచ్చు. ధర ఎక్కువే, అయినా పనికొస్తుంది.

మేం పని చేసేది ఏమ్స్ (Ames) అనే రకం మరుగుజ్జు ఎలుకల మీద. తల్లి కడుపులో పిల్లకు పిట్యూటరీ గ్రంథి (మెదడు కింద ఉండేది) తయారయ్యేటప్పుడు ప్రాప్-1 అనే జన్యువు, పిట్-1 అనే ఇంకో జన్యువును పనిలోకి దింపాలి. గ్రోత్ హార్మోన్, పాలు పట్టించే ప్రొలాక్టిన్, థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ చేసే కణాలు పుట్టేది దాని వల్లే. ఈ ఎలుకల్లో ప్రాప్-1 చెడిపోయిందని 1996లో తేలింది. పుట్టినప్పుడు తోబుట్టువుల్లాగే ఉంటాయి, తర్వాత ఎదుగుదల బాగా మందగిస్తుంది.

సబ్‌స్ట్రేట్ (రంగు తెప్పించే ద్రావణం) పోశాక మామూలు ఎలుకల సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) వేసిన వెల్స్, అంటే ప్లేటులోని చిన్న గుంటలు, నీలంగా మారాయి, యాసిడ్ పడగానే పసుపయ్యాయి. మరుగుజ్జువి మాత్రం నీళ్ళలా తేటగా ఉండిపోయాయి. "అక్కా, వీటిలో శాంపిల్ వేశామా?" అని మా కర్నూలు కుర్రాడు కంగారుపడ్డాడు. వేశాం. అందులో కిట్‌కు చిక్కేంత హార్మోనే లేదు. కిట్ మీద నాకు గురి కుదిరింది అక్కడే.

చిక్కల్లా మామూలు ఎలుకలతోనే. ఒకే ఈతలో పుట్టినవి, ఒకే పూట తీసిన రక్తం, అయినా ఒక వెల్ ముదురు పసుపు, పక్కది లేత. గ్రోత్ హార్మోన్ రక్తంలోకి విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి అలాగే ఉంటుంది. కిట్‌తో ఇచ్చే కాగితంలో ఈ ముక్క రాయకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. కొత్తవాళ్ళు ఆ తేడాను జన్యువు ఖాతాలో వేసేస్తారు.

అందుకే గ్రంథినే నూరి కొలవండి, లోపల నిల్వ ఎంతుందో తెలుస్తుంది. మామూలు ఎలుకది రెండు మిల్లీగ్రాములుంటుందేమో, అయినా వేల రెట్లు పలచన చేయకపోతే రీడింగ్ స్కేలు దాటిపోతుంది. మరుగుజ్జువాటిని మాత్రం అంత పలచన చేయొద్దు. ఉన్న కాస్తా కనబడకుండా పోయి, సున్నా అని రాసుకుంటారు.

డెలివరీ విషయంలో జాగ్రత్త. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన పెట్టె మాకు ఐస్ ప్యాకులు కరిగిపోయి, గోరువెచ్చగా చేరింది. డీలరు మారుమాట లేకుండా ఇంకోటి పంపాడు, కానీ అప్పటిదాకా పని ఆగిపోయింది. శని, ఆదివారాల్లో గోడౌన్‌లో పడి ఉండకుండా వారం మొదట్లోనే తెప్పించుకోండి. పెట్టె తెరిచి చూశాకే సంతకం పెట్టండి.