ముస్లిం స్త్రీ వార్త: ‘కాపాడాలి’ కోణమా, ‘ఆమె మాట’ కోణమా?

పాశ్చాత్య వార్తా ఏజెన్సీ కాపీ వచ్చినప్పుడల్లా డెస్కులో ఇదే తకరారు. మొదటి కోణం ఆమెను ఎవరో కాపాడాల్సిన బాధితగా చూపుతుంది; రెండోది ఆమె ఏమంటోందో ఆమె మాటల్లోనే చెబుతుంది.

శ్రమ: మొదటిది గంటలో అయిపోతుంది, ఫొటో సిద్ధం. రెండోదానికి దరీ, ఫార్సీ తెలిసినవాళ్లను వెతకాలి.

ముప్పు: మొదటిది యుద్ధానికి వత్తాసవుతుంది. 2001 నవంబరు 17న అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ రేడియో ప్రసంగం అఫ్గానిస్తాన్‌పై అమెరికా దాడిని స్త్రీల హక్కుల పోరాటంగా చూపింది. 1977లో కాబూల్‌లో పుట్టిన ‘రావా’ స్త్రీల సంఘం తాలిబన్లనూ, ఆ బాంబులనూ వ్యతిరేకించింది; కాపీల్లో ఎక్కువగా మొదటి సగమే మిగులుతుంది. రెండోదానిలో మాట్లాడినామెకే చిక్కు. పేరు, ఊరు తీసేయాలి.

పదాలు: జుట్టు కప్పేది హిజాబ్. కళ్లు తప్ప ముఖమంతా కప్పేది నఖాబ్. కళ్లమీద జాలీ ఉండేది అఫ్గాన్ బురఖా. హైదరాబాద్‌లో నల్ల గౌనునే బురఖా అంటాం కాబట్టి మూడూ కలిపేస్తుంటాం (శీర్షికల్లో మరీనూ).

ఏది ఎప్పుడు: బలవంతమే వార్తయితే మొదటిది పనికొస్తుంది, కానీ రెండువైపులా రాయాలి: ఇరాన్ 1936లో ముసుగు తీయించింది, 1983లో వేసుకోకపోతే శిక్షన్నది. బడుల్లో తలగుడ్డపై ఫ్రాన్స్ 2004 నిషేధంలాంటి చోట, స్త్రీవాదులే రెండుగా చీలిన చోట, రెండోదే. తలగుడ్డ తీయమని ఏ పిల్లకు చెప్పారో ఆ పిల్లను అడక్కుండా ఆ వార్త రాయకూడదు.