నాటకాల మేకప్ పెట్టె: క్రయోలాన్ సరుకులో ఏది కొనాలి, ఏది ఆగొచ్చు

నాటకాన్నే నమ్ముకుని బతకాలంటే ఒక్క నటనతో ఇల్లు గడవదు. పరిషత్తు నాటికలో ఒక పాత్ర, పౌరాణికానికి మేకప్, బడుల వార్షికోత్సవాలు, మధ్యలో ఏదో షార్ట్ ఫిల్మ్, ఇలా నాలుగు పనులు పట్టుకుంటేనే ఏడాది నిండుతుంది. 1885లో కీచకవధ ప్రదర్శనతో మొదలైన సురభి సమాజాలు ఇన్నేళ్లు నిలిచాయంటే కారణాల్లో ఇదొకటి: అక్కడ వేషం కట్టినవాళ్లే తెర లాగుతారు, హార్మోనియం ముందూ కూర్చుంటారు. ఈ పనులన్నిటిలో తక్కువ పెట్టుబడితో మొదలుపెట్టగలిగేది మేకప్. ఒకే పెట్టె పట్టుకుని అన్ని చోట్లకీ వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని, క్రయోలాన్ అనే మేకప్ కంపెనీ సరుకు మీద రాసిన సమీక్ష ఇది.

ముందు టీవీ పెయింట్ స్టిక్, అంటే మొహానికి బేస్‌గా, మొదటి పూతగా వేసే జిడ్డు రంగు కడ్డీ. 25 గ్రాములు ఉంటుంది. పలుచగా పూస్తే పదిహేను మొహాలకు అటూ ఇటూగా వస్తుంది. మచ్చల్నీ, కళ్ల కింద నలుపునీ బాగా కప్పుతుంది. చాలామంది ఎఫ్‌ఎస్ 36, 38, 45 అని షేడ్ నంబర్లు బట్టీపట్టి కొంటారు. నంబరు చూసి రంగు ఊహించకండి. దవడ దగ్గర చిన్న గీత గీసి, పగటి వెలుతురులో మెడ రంగుతో పోల్చి చూడండి. నటుణ్ని రెండు షేడ్లు తెల్లగా చేసే అలవాటు మనవాళ్లకు ఇంకా పోలేదు. మెడ నల్లగా, మొహం సున్నం కొట్టినట్టు కనిపించేది అందుకే. ఒకటి చామనఛాయ, ఒకటి ముదురు, రెండు స్టిక్కులు చాలు. నడిమి రంగులన్నీ స్టీలు ప్లేటు మీద కలుపుకోవచ్చు.

స్టిక్కును నేరుగా మొహం మీద రుద్దడం మాత్రం పూర్తిగా మానాలి. ఒకరి చర్మం మీది తామర లాంటివి ఇంకొకరికి అంటుకుంటాయి. గరిటెతో గీరి ప్లేటులోకి తీసుకోవాలి, మనిషికో స్పాంజి వాడాలి. తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దుతూ వెళ్తే పొర పలుచగా కూర్చుంటుంది. రుద్దితే చారలు పడతాయి.

డబ్బు పెట్టాల్సింది అసలు పౌడరు మీద. స్టిక్ జిడ్డు సరుకు కాబట్టి ట్రాన్స్‌లూసెంట్ పౌడరు (పైకి రంగు తేలని పౌడరు) సరిగ్గా ఒత్తకపోతే రెండో రంగానికే ముక్కూ నుదురూ మెరిసిపోతాయి. పఫ్‌కు పౌడరు తీసుకుని, మడిచి నలిపి, ఒత్తాలి. రెండు నిమిషాలు ఆగి, మిగిలింది మెత్తటి బ్రష్‌తో దులపాలి. ఈ రెండు నిమిషాలు ఆగకపోవడం వల్లే గ్రీన్‌రూంలో సగం మేకప్‌లు చెడిపోతాయి. బేబీ పౌడరుతో సరిపెట్టుకుంటే ముదురు చర్మం మీద బూడిద పూసినట్టు తేలుతుంది.

సుప్రాకలర్ అనే జిడ్డు రంగుల్లో పన్నెండు రంగుల పలక ఈ మొత్తంలో అన్నిటికన్నా లాభసాటి కొనుగోలు. ముసలితనపు గీతలు, గాయాలు, రౌద్రపు కనుబొమలు, రాక్షస వేషం, అన్నీ ఇందులోంచే తీయొచ్చు. ముసలి గీతకు నలుపు వాడకండి. ఎరుపు, గోధుమ కలిపి గీసి, పక్కనే లేత రంగు గీత వేసి, అంచును వేలితో చెరపాలి. నలుపు గీత వెనక వరుసకు మసి మరకలా కనిపిస్తుంది.

నీలి దేహానికి మాత్రం జిడ్డు రంగు వద్దు. కృష్ణుడి చెయ్యి తగిలిన చోటల్లా రాధ పట్టుచీర మరకలవుతుంది. నీళ్లతో కలిపే ఆక్వాకలర్ తీసుకోండి: నీలం, తెలుపు. స్పాంజిలో నీళ్లు ఎక్కువైతే కారుతుంది, తక్కువైతే పెచ్చులు లేస్తుంది. ఒక పలుచటి పూత, పూర్తిగా ఆరాక ఇంకో పూత. దీని లోపం చెమట. ఏసీ లేని హాల్లో, మే నెలలో, గంటన్నర పద్యనాటకానికి చంకలూ మెడా నిలవవు. చెమట బాగా పట్టే నటుడైతే మొహానికి సుప్రాకలర్ వేసి పౌడరు ఒత్తి, చేతులకూ ఛాతీకీ ఆక్వాకలర్ వేయడం మంచిది.

లైట్లవాళ్లతో ముందే మాట్లాడుకోండి. లైటు ముందు పెట్టే ఆంబర్ (పసుపు-నారింజ) జిలెటిన్ కాగితం కింద నీలం బూడిద రంగుకు దిగిపోతుంది. ఎర్ర లైటులో బుగ్గల ఎరుపు (రూజ్) మాయమవుతుంది, ఆకుపచ్చలో అదే రూజ్ నల్లబడుతుంది. చౌకరకం ఎల్‌ఈడీ పార్ లైట్లలో తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి తెచ్చిన తెలుపు. దాని కింద మొహాలు పాలిపోతాయి, బేస్‌లో కొంచెం ఎరుపు పెంచాలి. వీలైతే ఒక నటుణ్ని రంగస్థలం మీద నిలబెట్టి ఆఖరి వరుస నుంచి చూడండి. అద్దంలో అందంగా ఉన్నది అక్కడికి చేరకపోవచ్చు.

పెట్టుడు గెడ్డాలు అతికించే స్పిరిట్ గమ్ పట్టు గట్టిదే. కానీ వాడే పద్ధతి తెలియాలి. గెడ్డం నున్నగా గీసి, జిడ్డు లేకుండా తుడిచి, పలుచగా రాసి, వేలితో తడుతూ బంకగా సాగేదాకా ఆగాలి. తడిగా ఉండగానే వెంట్రుకలు పెడితే జారతాయి. క్రేప్ వెంట్రుకల్ని (గెడ్డం కట్టడానికి జడలా అల్లి అమ్మేవి) ముందురోజే తడిపి సాగదీసి ఆరేస్తే ఉంగరాలు పోతాయి. గెడ్డం కింది నుంచి పైకి చిన్న చిన్న కుచ్చులుగా అతకాలి, చెంపలు చివర. పద్యం పాడే నటుడైతే నోరు 'ఆ' అన్నంత తెరిపించి అతకండి. నోరు మూయించి అతికిన గెడ్డం మొదటి రాగాలాపనకే చెవి దగ్గర ఊడుతుంది. ఈ గమ్‌కు తేలిగ్గా నిప్పంటుకుంటుంది. నాటకానికి ముందు హారతి పట్టే చోటుకు సీసా దూరంగా ఉండాలి. కొత్త మనిషికి ముందురోజే మోచేతి మడతలో కొంచెం రాసి చూడాలి. పిల్లలకు వాడనే వాడొద్దు. తీసేటప్పుడు లాగకుండా, రిమూవర్‌తో అంచు నుంచి నానబెట్టాలి. జిడ్డు రంగులకైతే కొబ్బరినూనె, ఆ తర్వాత సబ్బు చాలు.

మేకప్ చెదరకుండా పైన చల్లే ఫిక్సింగ్ స్ప్రే మొదటి పెట్టెలో అక్కర్లేదు. పౌడరు సరిగ్గా ఒత్తడం వచ్చాక చూసుకోవచ్చు.

ధర ఎక్కువన్నది నిజమే. దాన్ని చూసి హోల్‌సేల్ సందుల్లో సగం ధరకు దొరికే స్టిక్కుల వైపు పోకండి. సీలు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేనిది నకిలీ అనుకోవాల్సిందే. పాతకాలపు సరుకుతో గడుపుకుందామనీ అనుకోకండి. భాగవతులు మొహానికి పూసిన అర్దళం అనే పసుపు రంగు ఆర్సెనిక్ ఖనిజం, అంటే విషం. జింకు పౌడరు (జింక్ ఆక్సైడ్), కొబ్బరినూనె కలిపిన తెలుపు మాత్రం విదూషకుడి వేషానికి ఇప్పటికీ పనికొస్తుంది, చవక కూడా.

బడి పిల్లల పనికి ఆక్వాకలర్, పౌడరు, కాటుక పెన్సిలు చాలు. ఒక్కొక్కరికి కాటుక పెట్టాక పెన్సిల్ చెక్కాలి. డబ్బు మాట్లాడేటప్పుడు సరుకు ఖర్చు, చేతి కూలి, విగ్గుల అద్దె విడివిడిగా రాసి ఇవ్వండి. అంతా కలిపి ఒక అంకె చెబితే, చివరి నిమిషంలో వచ్చే నలుగురు అదనపు సైనికుల మేకప్ ఉచితమైపోతుంది.

ఎండాకాలం ప్రయాణంలో పెట్టెను బస్సు డిక్కీలో వేయకండి. స్టిక్కులు కరిగి మూతల్లోకి కారతాయి. తడి గుడ్డ చుట్టిన స్టీలు డబ్బాలో పెట్టి, సీటు కింద ఉంచుకోండి.