మూడు కాఫీ సీజన్లు, ఒక సోలార్ పవర్ బ్యాంకు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల్లో కాఫీ తోటల హద్దులను, మొక్కల సంఖ్యను ఫోనులో నమోదు చేయడం నా ఉద్యోగం. జీపీఎస్ ఆన్‌లో ఉంచి, ఎండలో అక్షరాలు కనబడేలా తెర వెలుగును పూర్తిగా పెంచి తోట చుట్టూ నడిస్తే, పొద్దున నిండుగా ఉన్న ఛార్జింగు మధ్యాహ్నం భోజనాల వేళకు ఇరవై శాతానికి దిగిపోతుంది. నేను వెళ్లే గూడేల్లో కరెంటు లేకపోలేదు. కానీ గాలివానకు తీగ మీద కొమ్మ విరిగి పడితే మళ్లీ ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ అవసరం కోసమే 2022 డిసెంబరులో, ఒక వైపు నల్లటి సోలార్ ప్యానెల్ అతికించిన 20,000 ఎంఏహెచ్ (బ్యాటరీ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత) పవర్ బ్యాంకును పదిహేను వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒకే అచ్చులో పోసినట్టుండే ఈ వస్తువు పది పేర్లతో అమ్ముడవుతోంది కనుక, నేను కొన్నదాని పేరు చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

ముందుగా దాని మంచి చెప్పాలి. ఇంట్లో గోడ ప్లగ్గుకు పెట్టి రాత్రంతా ఛార్జి చేసి తీసుకెళితే, 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్న నా ఫోనును అది మూడుసార్లు నింపేది. 20,000ను 5,000తో భాగించి నాలుగుసార్లు రావాలి కదా అని అడిగేవారు ఉంటారు. పెట్టె మీద రాసిన ఆ సంఖ్య లోపలి సెల్లుల 3.7 వోల్టుల వద్ద లెక్కించినది, అంటే 74 వాట్ అవర్లు (ఒక వాటు చొప్పున 74 గంటలు వాడుకోగలిగినంత శక్తి). దాన్ని 5 వోల్టులకు పెంచి బయటకు పంపడంలోనూ, ఫోను దాన్ని మళ్లీ తన బ్యాటరీలోకి ఎక్కించుకోవడంలోనూ కొంత వేడిగా పోతుంది. కాబట్టి మూడుసార్లు నింపడం న్యాయమైన ఫలితమే, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు అంతా ఆ ప్యానెల్ గురించే. 2023 ఫిబ్రవరిలో ఒక పరీక్ష చేశాను. బ్యాంకు పూర్తిగా ఆరిపోయేదాకా వాడి, మబ్బు జాడ లేని నాలుగు రోజులు దాన్ని మేడ మీద ఎండలో ఉంచి, గంటకోసారి సూర్యుడి వైపు తిప్పాను. అయిదో రోజు, ఎంత కరెంటు వెళ్తోందో కొలిచే యూఎస్‌బీ మీటరు మధ్యలో పెట్టి ఫోనుకు కలిపితే, మొత్తం 14.6 వాట్ అవర్లు బయటకు వచ్చి అది మళ్లీ ఆరిపోయింది. నాలుగు రోజుల ఎండకు ఒక ఫోను కూడా నిండలేదు. ఆ లెక్కన గోడ ప్లగ్గు ఒక రాత్రిలో చేసే పనిని చేయడానికి సూర్యుడికి పదిహేడు రోజులు పడుతుంది, అదీ ప్రతి రోజూ ఫిబ్రవరి ఎండ లాంటి ఎండ కాస్తేనే. అమ్మినవారికి రాస్తే, ప్యానెల్ అత్యవసరంలో వాడుకోవడానికి మాత్రమేనని కాగితంలో ముద్రించాం, చూసుకోండి అని జవాబు వచ్చింది. చూశాను, నిజమే; చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

అయితే ఆ తప్పు తయారీలోది మాత్రమే కాదని, కాగితం మీద లెక్క వేసుకున్నాక అర్థమైంది. నడినెత్తి ఎండ ఒక చదరపు మీటరు మీద సుమారు 1,000 వాట్ల శక్తిని కురిపిస్తుంది. నా బ్యాంకు మీది ప్యానెల్ పొడవు 13, వెడల్పు 7 సెంటీమీటర్లు. ఆ జానెడు చోటు మీద పడే ఎండ మొత్తం కలిపినా తొమ్మిది వాట్లే. మంచి సిలికాన్ ప్యానెల్ అందులో అయిదో వంతును కరెంటుగా మారుస్తుంది కనుక, ఎంత నిజాయితీగల కంపెనీ చేసినా రెండు వాట్లు దాటవు. ఫోనంత వస్తువు మీద ప్యానెల్ అతికించి రోజుకు ఒక ఫోను నింపుతానని చెప్పే ప్రకటన ఏదైనా సరే, కొలబద్ద ఒక్కటి ఉంటే అబద్ధమని తేలిపోతుంది. ఛార్జి అవుతోందని చూపించే ఆకుపచ్చ దీపాన్ని అసలు నమ్మకూడదు. మా ఇంట్లో ట్యూబులైటు కింద కూడా అది వెలిగేది!

పైగా నేను పనిచేసేది కాఫీ తోటల్లో. మన్యంలో కాఫీని సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకు మిరియాల తీగలు పాకించి పెంచుతారు. కాఫీకి మేలు చేసే ఆ నీడే ప్యానెల్‌కు శత్రువు. ప్యానెల్‌లోని సెల్లులు గొలుసులా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి ఒక్క సెల్లు మీద ఆకు నీడ పడినా ఆ గొలుసంతటిలో కరెంటు తగ్గిపోతుంది. బ్యాగుకు కొక్కెంతో వేలాడదీసుకుని నడుస్తూ ఛార్జి చేసుకోవచ్చని పెట్టె మీద బొమ్మ ఉంది. ఒక నెల అలాగే వేలాడదీసుకుని తిరిగాను. వీపున అరకిలో బరువు ఊగడం తప్ప మరే ఫలితమూ కనిపించలేదు.

అసలు దోషం ప్యానెల్‌నూ బ్యాటరీనీ ఒకే ఒంట్లో పెట్టడం. ఎండ కావలసిన ప్యానెల్, ఎండ గిట్టని బ్యాటరీ ఉప్పూ నిప్పూ లాంటివి. లిథియం అయాన్ సెల్లులను సాధారణంగా 45 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. నల్లటి ప్యానెల్ ఏప్రిల్ ఎండలో గంటసేపు ఉంటే చేత్తో పట్టుకోలేనంత కాలుతుంది, దాని కిందనే బ్యాటరీ ఉడుకుతూ ఉంటుంది. ప్యానెల్‌కూ ఆ వేడి మంచిది కాదు. దాని మీద రాసిన వాట్లు 25 డిగ్రీల వద్ద కొలిచినవి, ఆపై ప్రతి డిగ్రీకి దాదాపు 0.4 శాతం తగ్గుతుంది కాబట్టి 65 డిగ్రీలకు చేరేసరికి ఆరో వంతు పోయినట్టే. నా బ్యాంకు రెండేళ్లలో మూడు ఛార్జింగులనుంచి రెండుకు కాస్త పైకి దిగింది. 2025 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం జీపు డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయి వెళ్లి, నాలుగు గంటలకు తిరిగి వచ్చి చూస్తే పొంగిన పూరీలా ఉబ్బి, ప్యానెల్ ఒక అంచున లేచిపోయి ఉంది. ఆ మరుపు నాదే, ఎవరినీ అనలేను. ఉబ్బినదాన్ని గుచ్చకుండా, ఛార్జి చేయకుండా ఇసుక పోసిన డబ్బాలో ఉంచి, విశాఖపట్నం వెళ్లినప్పుడు ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాను. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులదే. నాకు అమ్మినవారు మాత్రం ఆ సంగతి ఎరగనట్టే మాట్లాడారు.

అది ఉబ్బక ముందే, 2023 నవంబరులో, దారి మార్చుకున్నాను. మూడు మడతల 28 వాట్ల సోలార్ ప్యానెల్‌ను నాలుగున్నర వేలకు, మామూలు 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకును వెయ్యికి విడివిడిగా కొన్నాను. ఈ ప్యానెల్‌లో బ్యాటరీ ఉండదు. విప్పితే చిన్న తువ్వాలంత అవుతుంది, వెనుక సంచిలో యూఎస్‌బీ రంధ్రాలు ఉంటాయి. 28 వాట్లు నేను ఏనాడూ చూడలేదు, మీటరులో అత్యధికంగా 17 కనిపించాయి. పలుచటి మబ్బుకు అయిదు, లంబసింగి వైపు డిసెంబరు పొద్దుటి పొగమంచులో ఒకటి. అయినా కాఫీ కోతల కాలంలో మంచు విడిచే తొమ్మిదిన్నరకు పరిస్తే, రెండు గంటలకల్లా చిన్న బ్యాంకు నిండిపోతోంది. పాతదానితో నాలుగు రోజులకు రాని ఫలితం ఒక పూటలో వస్తోందంటే, ఆ తేడా అంతా వైశాల్యంలోనే ఉంది.

తోటలో నీడ కనుక, దాన్ని గూడెంలో కాఫీ ఎండబోసే కళ్లం అంచున పరుస్తాను. అక్కడ కాలితో చాళ్లు తీస్తూ గింజలు తిరగేసే ఒక అవ్వ మొదటి రోజు, "బాబూ, నీ పలకని కూడా నేను చూస్తాలే, నువ్వెళ్లు" అంది. మధ్యాహ్నం వచ్చేసరికి ప్యానెల్ శుభ్రంగా బోర్లా తిరగేసి ఉంది. కాఫీ గింజకు రెండు వైపులా ఎండ తగలాలి, మరి పలకకు అక్కర్లేదా? విషయం చెప్పాక ఆమె నవ్వి, ఆనాటి నుంచి గింజలు తిరగేసిన ప్రతిసారీ ప్యానెల్ ముఖాన్ని సూర్యుడి వైపు జరుపుతోంది. నా జాగ్రత్త కన్నా ఆమె జాగ్రత్త వల్లే రోజూ ఎక్కువ కరెంటు వస్తోందని మీటరు చూసి చెప్పగలను.

వాలు సంగతి చిన్నది కాదు. మా ప్రాంతంలో డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ప్యానెల్‌ను నేల మీద చదునుగా పరిస్తే పావు వంతు ఎండ జారిపోతుంది. వెనుక రెండు రాళ్లు పెట్టి దక్షిణానికి వాల్చితే 12 వాట్లు 16 అయ్యాయి. మే రెండో వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు కాబట్టి అప్పుడు రాళ్ల అవసరం లేదు. కింద గాలి ఆడేలా ఎత్తు పెడితే చాలు. ఇంకో అనుభవం: ప్యానెల్‌ను నేరుగా ఫోనుకు కలపకూడదు. మబ్బు అడ్డం వచ్చిన ప్రతిసారీ ఛార్జింగు తెగి, మళ్లీ అతుక్కుని, ఆ వంకతో తెర వెలిగి ఎక్కినదంతా కరిగిపోతుంది. పగలు బ్యాంకును నింపి, రాత్రి బ్యాంకు నుంచి ఫోనును నింపడమే పద్ధతి. పగలు ఆ బ్యాంకు ప్యానెల్ వెనుక నీడలో, తడికి దూరంగా ఉండాలి.

మిగిలిన హంగుల గురించి పెద్దగా చెప్పేది లేదు. పాత బ్యాంకుకు ఉన్న టార్చి మాత్రం నిజంగా అక్కరకు వచ్చింది. కొక్కేనికి అతికించిన దిక్సూచి ఉత్తరాన్ని రోజుకో వైపు చూపించేది. వైర్ లేకుండా ఛార్జి చేసే సౌకర్యంతో ఫోనుకన్నా బల్లకే ఎక్కువ వేడి ఎక్కింది. నీళ్లు చేరకుండా రంధ్రాలకు పెట్టిన రబ్బరు మూత మొదటి వానాకాలంలోనే తెగిపోయింది. జూలై, ఆగస్టుల్లో మన్యంలో ఏ సోలార్ వస్తువైనా సంచిలో బరువే. ఆ రెండు నెలలు నేను గోడ ప్లగ్గులో నింపిన బ్యాంకులు రెండు మోసుకుని తిరుగుతాను.

ఒక రాత్రి బయట ఉండి మరునాడు ఇల్లు చేరేవారికి సోలార్ ఏదీ అక్కర్లేదు, భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, ‘R’తో మొదలయ్యే దాని నమోదు సంఖ్య ఉన్న మామూలు పవర్ బ్యాంకు సరిపోతుంది. మూడు రోజులకు మించి కరెంటుకు దూరంగా, ఒకేచోట మకాం వేసేవారికే మడత ప్యానెల్ డబ్బు గిట్టుబాటు చేస్తుంది. నా దాని మీది ప్లాస్టిక్ పొర ఈ ఏడాది ఒక మూల పసుపు తిరిగి బుడగలు వస్తోంది, మధ్య మడత దగ్గర దారం తెగింది. ఆ దారాన్ని అవ్వ తన కాఫీ గోతం కుట్టే సూదితో కుట్టింది. ఆ కుట్టు మాత్రం ఇంతవరకు కదల్లేదు.