రింగ్ వైరింగా, రేడియల్ వైరింగా? రెండూ వాడిన అనుభవంతో

మా పాత ఇంట్లో సాకెట్లన్నీ రింగ్ పద్ధతిలో ఉండేవి. ఇప్పటి ఇంట్లో గదికొక రేడియల్ సర్క్యూట్ (బోర్డు నుంచి చివరి సాకెట్ దాకా వెళ్లి ఆగిపోయే లైను) వేయించుకున్నాము. రెండింటినీ ఏళ్ల తరబడి వాడిన మీదట నా మొగ్గు రేడియల్ వైపే, అయితే రింగ్‌ను తీసిపారేయడానికి వీల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధానంతరం రాగికి కరువొచ్చిన రోజుల్లో బ్రిటన్‌లో స్థిరపడిన పద్ధతి రింగ్. బోర్డులోని ఒక బ్రేకర్ (కరెంటు హద్దు మీరితే సరఫరా ఆపేసే స్విచ్) నుంచి బయలుదేరిన వైరు సాకెట్లన్నిటినీ చుట్టి మళ్లీ అదే బ్రేకర్‌కు చేరుతుంది కనుక ప్రతి సాకెట్‌కూ కరెంటు రెండు వైపుల నుంచీ అందుతుంది, అందువల్లే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకు 32 ఆంపియర్ల బ్రేకర్ పెట్టగలుగుతారు. బ్రేకర్ అంత పెద్దది కాబట్టి, ఉపకరణాల సన్నటి వైర్లను కాపాడే ఫ్యూజ్ ప్లగ్‌లోనే ఉంటుంది. ఎర్త్‌కూ రెండు దారులుండటం దీని అసలైన సుగుణం: ఒకచోట ఊడినా రెండో వైపు నుంచి రక్షణ అందుతూనే ఉంటుంది.

చిక్కంతా ఫేజ్ ఊడినప్పుడే. మా వంటగదిలో ఒక సాకెట్ విప్పి చూస్తే, స్క్రూ వదులై ఒక ఫేజ్ వైరు బయటికి జారి ఉంది. మిగిలిన వైరు తొడుగు నల్లబడి, వేలితో నొక్కగానే పెచ్చులుగా రాలింది. సాకెట్లన్నీ మామూలుగానే పనిచేస్తుండటంతో ఎన్నాళ్లుగా అలా ఉందో ఎవరికీ తెలియలేదు. 3 కిలోవాట్ల హీటర్లు రెండు నడిస్తే 230 వోల్టుల దగ్గర 26 ఆంపియర్లు అవుతుంది. రింగ్ తెగిన చోటును బట్టి అదంతా ఒకే వైరు మీద పడవచ్చు, 32 ఆంపియర్ల బ్రేకర్ మాత్రం ట్రిప్ కాదు. కరెంటు రెట్టింపైతే వైరులో పుట్టే వేడి నాలుగింతలవుతుందని గుర్తుంచుకోవాలి. అంతకుముందు తనిఖీకి వచ్చిన ఎలక్ట్రీషియన్ సాకెట్లలో టెస్టర్ పెట్టి బాగానే ఉందన్నాడు; మెయిన్ ఆపి, బోర్డు దగ్గర రింగ్ కొసలు విప్పి కంటిన్యుటీ (వైరు ఎక్కడా తెగకుండా ఉందా లేదా అన్నది) చూసి ఉంటే లోపం అప్పుడే బయటపడేది.

రేడియల్‌లో వైరు చివరి సాకెట్ దగ్గరే ఆగిపోతుంది. ఫేజ్ తెగితే అవతలి సాకెట్లు పనిచేయవు, కాబట్టి లోపం దాగదు. అదే 2.5 వైరుకు 20 ఆంపియర్ల బ్రేకరే పెడతారు గనుక, పైన చెప్పిన రెండు హీటర్లను ఒకే సర్క్యూట్‌పై నడపబోతే కాసేపటికి అది ట్రిప్ కావచ్చు. ఈ అసౌకర్యాన్ని నేను సంతోషంగా భరిస్తాను. ఎర్త్ విషయంలో మాత్రం రేడియల్ బలహీనం: అది ఊడితే అవతలి సాకెట్లు రక్షణ లేకుండానే యథాప్రకారం పనిచేస్తుంటాయి, అందుచేత ఇక్కడా పరీక్ష తప్పదు.

ఓవెన్, గీజర్ వంటివాటికి ఏ పద్ధతిలోనైనా విడి లైన్లే మేలు. రేడియల్ ఎంచుకుంటే సర్క్యూట్‌కొక బ్రేకర్ పడుతుంది కనుక బోర్డు పెద్దది కావాలి. మేము మూడు ఖాళీలు వదిలించుకుంటే వాటిలో రెండు ఇప్పటికే నిండిపోయాయి.