రైలుకు ముందు పొట్టిక్కలు

కోనసీమ ప్రయాణం పెట్టుకునేవారు ముందుగా చూసుకోవలసింది తిరుగుప్రయాణం సంగతి. కాకినాడ నుంచి వచ్చే రైలు మార్గం గౌతమి ఒడ్డున కోటిపల్లిలో ఆగిపోతుంది. దాన్ని నరసాపురం దాకా పొడిగించే పనులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. అందుకే రాజోలు వైపువారు పాలకొల్లులోనో నరసాపురంలోనో, అమలాపురం వైపువారు రాజమండ్రిలోనో రైలెక్కుతారు. మేం బస చేసిన దిండికి పాలకొల్లే దగ్గర. కానీ టికెట్లు దొరికింది రాజమండ్రి నుంచి, మధ్యాహ్నం బండికి.

దిండిలో గదులకు వంక పెట్టలేం. వరండాలో కూర్చుంటే ఎదురుగా వశిష్ఠ, వెనక కొబ్బరితోట. దుప్పట్లు శుభ్రం, పనివారు మర్యాదస్తులు. తిండి దగ్గరే నీరసం వచ్చింది. గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి ఫ్రైడ్ రైసు, పనీరు కూర వడ్డించారు. ఉదయం టిఫిను ఎనిమిది దాటితే గానీ పెట్టరట. అంతవరకు ఆగితే రైలు అందదని కాఫీ మాత్రం తాగి కారెక్కాం.

పి.గన్నవరం దగ్గర వైనతేయ దాటాం. నది మీదుగా కాలువను మోసుకెళ్లే అక్విడెక్టుకు అక్కడ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. వేళకాని వేళ వచ్చినవారికి కూడా వండిపెట్టిన ఇల్లాలి పేరు చూశాక ఆకలి ఆగుతుందా? రాజమండ్రి స్టేషన్ దగ్గర మోమోలు తిందామని మా మేనకోడలి పట్టు. "అక్కడిదాకా ఎందుకమ్మా, అంబాజీపేటలో పొట్టిక్కలు తినండి" అంటూ డ్రైవరుగారే ఒక చిన్న హోటలు ముందు కారు ఆపారు.

నాలుగు పనసాకులను ఈనెపుల్లలతో కుట్టి బుట్టలా చేస్తారు. అందులో మినప్పిండి, ఇడ్లీరవ్వ కలిపిన పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పుల్ల లాగి ఆకు ఒలిస్తే తెల్లటి పొట్టిక్క మీద ఆకు ఈనెల గీతలు అచ్చు గుద్దినట్టు పడి ఉంటాయి. కమ్మటి పనసాకు వాసన లోపలిదాకా పట్టి ఉంటుంది. ఇడ్లీ అనుకుని తుంచితే చేతికి బరువు తెలుస్తుంది. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు. అల్లం పచ్చడి ఘాటుగా, కొంచెం తీపిగా ఉంది. ఊరంతా కొబ్బరి వ్యాపారమే కాబట్టి కొబ్బరి చట్నీలో పప్పులు కలిపి సాగదీయలేదు. బల్లలు ఇరుకు, చేతులు కడుక్కునే చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. అయినా రిసార్టు భోజనంతో పోలిస్తే ఖర్చు ఏపాటి!

కొత్తపేట, రావులపాలెం మీదుగా వచ్చాం. రావులపాలెంలో అరటిగెలల లారీలు కాసేపు ఆపాయి గానీ, స్టేషన్‌కు వేళకు ముందే చేరాం. మేనకోడలు తన మోమోలు తిననే తిన్నది. ఎర్ర చట్నీ బాగుంది. మైదా తోలు మాత్రం మందం, లోపలి క్యాబేజీ చప్పన. టిబెట్, నేపాల్ వంటకాన్ని రాజమండ్రి ఎండలో పెట్టి తూకం వేయడం న్యాయం కాదేమో. అయినా, సగం ప్లేటు నాకు తోసేసింది తనే.

పొట్టిక్కలు ప్రయాణానికి కట్టించుకునేవారు ఆకు ఒలవకుండానే కట్టించుకోండి, ఆరిపోవు. కొబ్బరి చట్నీ వద్దు, ఎండకు పులుస్తుంది. అల్లం పచ్చడి, కారప్పొడి చాలు.